శోభాయాత్ర చూడవచ్చిన ఆడోళ్లు పొద్దంతా నీళ్లు తాగకుండా నిలబడాల్నా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న 2025 సెప్టెంబర్ 6న హైదరాబాద్‌లో వినాయక నిమజ్జన శోభాయాత్ర అయింది. తెల్లారి పేపర్ తెరిస్తే పేజీల నిండా ఫొటోలే, ఖైరతాబాద్ గణపతి 69 అడుగులు, వేలంల బాలాపూర్ లడ్డూ 35 లక్షలు, ట్యాంక్‌బండ్ మీద క్రేన్లు, పోలీసుల బందోబస్తు, ట్రాఫిక్ ఎక్కడెక్కడ మళ్లించిండ్రో ఆ మ్యాపులు, అన్నీ ఉన్నయి, నేను ఒక్క అక్షరం విడవకుంట చదివిన. ఒక్క సంగతి మాత్రం ఏ మూలకూ కనబడలే. ఆ రోజు రోడ్ల పక్కన లక్షల మంది నిలబడి చూసిండ్రు గదా, అందులో ఆడోళ్లు ఎందరు, చంటిపిల్లల తల్లులు ఎందరు, ముసలోళ్లు ఎందరు, వాళ్లంత పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటికి పోవాల్నంటే యాడికి పోయిండ్రు? ఇది పేపర్‌కు రాయడానికి సిగ్గుపడే ముచ్చటేం కాదని నా అభిప్రాయం, అందుకే రాస్తున్న, ఉత్తరం జర పొడుగైనా దయచేసి కోయకుంట వెయ్యండి.

నేను నార్కట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. నిమజ్జనం రోజు సెలవు హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల వరకే ఇచ్చిండ్రు, మా నల్లగొండకు లేదు, నేను లీవు పెట్టుకుని పోయిన. మా ఊర్లో అయితే తొమ్మిదో రోజే గణపతిని సాగనంపినం. నల్లగొండ పట్నంలో కూడా నిమజ్జనం తక్కువేం కాదు, పాతబస్తీ హనుమాన్ నగర్ ఒకటో నంబర్ గణపతి కదిలినంకనే మిగతావి కదులుతయి, వల్లభరావు చెరువుకు కొన్ని, పద్నాలుగో మైలు కాలువకు కొన్ని, అది చూస్తనే పెరిగినం మేమంత. కానీ మా అత్తమ్మకు ఎన్నేండ్ల నుంచో ఒకటే కోరిక, టీవీలో చూసుడు కాదు, ఖైరతాబాద్ గణపతి రోడ్డు మీద కదిలిపోతుంటే కండ్లారా చూడాలె అని. ఆమెకు అరవై ఐదు దాటింది, షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నయి. ఈ ఏడు తీస్కపోకపోతే ఇంకెప్పుడు అని నేను, అత్తమ్మ, తొమ్మిదో క్లాసు చదివే నా బిడ్డ, మా ఆడబిడ్డ, ఆమె చిన్నకొడుకు అందరం కలిసి బయలుదేరినం.

చీకటితోనే బస్టాండుకు వచ్చి ఎక్స్‌ప్రెస్ ఎక్కినం, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చినంక మా దిక్కు ఆడోళ్లు ఇట్ల ధైర్యంగా బయటికి వెళ్తున్నరు, అంతకుముందు నలుగురు ఆడోళ్లు సిటీకి పోయి రావాల్నంటే చార్జీలే భారమయ్యేవి. మా బస్సులో సగానికి ఎక్కువ ఆడోళ్లే ఉన్నరు, చిట్యాలలో ఎక్కినోళ్లు, చౌటుప్పల్‌లో ఎక్కినోళ్లు, అందరి చేతుల్లో టిఫిన్ డబ్బాలు, పులిహోర, నీళ్ల బాటిళ్లు. నేను ఒకటి గమనించిన, పంతంగి టోల్‌గేటు దాటేదాకా పిల్లలు తప్ప పెద్దాడోళ్లు ఎవ్వరూ బాటిల్ మూత తియ్యలే. పక్క సీటులో కూర్చున్న అక్కను, నీళ్లు తాగవా అక్కా అంటే, ఇప్పుడే వద్దు తియ్యి, అక్కడికి పోయినంక కష్టమైతది అన్నది. అంటే ఇంటి కాడ బయలుదేరకముందే ఆమె లెక్క ఏసుకున్నది, పొద్దంతా గొంతు తడపొద్దని. ఆ లెక్క మా ఆడోళ్లందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు, ఎవ్వరూ నేర్పక్కర లేదు, బడికి పోయినా అంతే, జాతరకు పోయినా అంతే, పెండ్లికి పోయినా అంతే.

ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగినం, టెలిఫోన్ భవన్ దగ్గరికి నడిచి ఫుట్‌పాత్ మీద జాగ దొరికిచ్చుకున్నం. ఆ గణపతి వచ్చుడు గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ముందుగాల డప్పుల చప్పుడు వినబడ్డది, తర్వాత జనం తలకాయలన్నీ ఒకటే దిక్కు తిరిగినయి, తర్వాత చెట్ల కొమ్మల పైనుంచి కిరీటం. కింద ట్రాలీ చక్రాలు ఎంత మెల్లగ తిరుగుతున్నయంటే పక్కన నడిచే పిల్లగాండ్లు ఆగి ఆగి నడవాల్సి వస్తుంది. ఇంజన్ మూలిగినట్టు ఒక చప్పుడు, ట్రాలీకి రెండు దిక్కుల తాళ్లు పట్టుకుని జనాన్ని జరిపే పోలీసులు, డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి ముందున్న మనిషి చెయ్యి సైగనే చూస్తుండు. 1954లో సింగరి శంకరయ్య గారు ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిండ్రు, ఏడాదికి ఒక అడుగు పెంచుకుంట 2014 నాటికి 60 అడుగులు చేసిండ్రు, 2022 నుంచి అయితే పూర్తిగా మట్టితోనే చేస్తున్నరు. ఒకప్పుడు ఈ గణపతి నిమజ్జనం మర్నాటి దాకా సాగేది, ఇప్పుడు పొద్దున్నే కదిలించి పగటి పూటనే ఎన్టీఆర్ మార్గ్‌లో నాలుగో నంబర్ క్రేన్ దగ్గర పూర్తి చేస్తున్నరు, మాలాంటి దూరపోళ్లకు అది చాలా మేలైంది. మా అత్తమ్మ చేతులు జోడించుకుని ఏడ్చింది. నా బిడ్డ ఫోన్ తియ్యడం కూడా మరిచిపోయింది, నోరు తెరిచి చూస్తనే ఉంది.

అక్కడి నుంచి మళ్లీ మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌కు వచ్చి ఎంజే మార్కెట్‌కు, అదే మొజంజాహీ మార్కెట్‌కు, నడిచినం. శోభాయాత్ర నిజంగా చూడాల్నంటే అక్కడ చూడాలె. బాలాపూర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, అఫ్జల్‌గంజ్ మీదుగా వచ్చేటివి, గల్లీల నుంచి వచ్చేటివి, అన్నీ ఆ మార్కెట్ దగ్గర కలిసి అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్‌కు పోతయి. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ గడియారం కింద నిలబడితే ఒకదాని ఎంబడి ఒకటి లారీలు, ప్రతి లారీకి అరటి గెలలు, సీరియల్ లైట్లు, వెనక జనరేటర్ బండి, ముందు తీన్మార్ కొట్టేటోళ్లు, పక్కన మర్ఫా కొట్టేటోళ్లు, గులాలు, కాగితపు ముక్కలు, లారీ మీంచి పిల్లగాండ్లు బూంది పొట్లాలు విసురుతుంటరు. ఒక లారీ మీద గణపతి కిరీటానికి కరెంటు తీగ అడ్డం వస్తే ఒక పిల్లగాడు, పదిహేడు పద్దెనిమిది ఏండ్లు ఉంటయేమో, చివర రెండు పాయలున్న పొడుగాటి ఎండుకట్టెతో ఆ తీగను మెల్లగ పైకి లేపి పట్టుకున్నడు, లారీ ఒక్కో అడుగు కదులుతుంది, అంతసేపు డప్పులు ఆగినయి, కింద ఆడేటోళ్లందరూ తల పైకెత్తి చూస్తున్నరు, కిరీటం దాటంగానే ఒక్కసారిగా జై బోలో గణేష్ మహరాజ్ కీ అని అరుపు, మళ్లీ తీన్మార్. ఆ పిల్లగాడు చేతులు దించి తీగను వదిలి నవ్విండు, మళ్ళ ముందుకు ఉరికిండు ఇంకో తీగ ఉందని. బాలాపూర్ గణపతి కూడా మా ముందు నుంచే పోయిండు. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ ఇవ్వాళ 35 లక్షలకు పోయింది, ఆ పైసలు ఊరి పనులకు పెట్టుకుంటరు, అందుకే ఆ ఊరోళ్ల ముఖాల్లో ఆ గౌరవం కనబడ్డది నాకు. పెద్ద విగ్రహాల నడుమ చిన్న ట్రాలీ ఆటోలో రెండడుగుల గణపతిని పెట్టుకుని ఒక కుటుంబం, మొగుడు పెండ్లాం ఇద్దరు పిల్లలు, వాళ్లే పాడుకుంట వాళ్లే చప్పట్లు కొట్టుకుంట పోయిండ్రు, జనం వాళ్లకు కూడా అంతే గట్టిగ జై కొట్టిండ్రు. ఇసొంటిది టీవీలో చూపియ్యరు.

ఇంకో ముచ్చట, పట్నం వాళ్ల చేతికి ఎముక లేదు ఆ రోజు. అడుగడుగునా టెంట్లు, పులిహోర, కిచిడీ, బేగంబజార్ షావుకార్ల మజ్జిగ, నీళ్ల ప్యాకెట్లు బస్తాలకు బస్తాలు, పట్టుకోండమ్మా పట్టుకోండి అని మీదికొచ్చి ఇస్తున్నరు. ఎవరు ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని అడిగిన మనిషి లేడు. అయితే చూడండి, మగోళ్లు రెండు మూడు ప్యాకెట్లు చింపి తాగుతున్నరు, ఆడోళ్లు తీసుకుని చేతుల్లో పట్టుకుంటున్నరు, పిల్లల నోటికి పెడుతున్నరు, తమ నోటికి మాత్రం పెట్టుకుంటలేరు. మా ఆడబిడ్డ ఒక ప్యాకెట్‌తో నోరు పుక్కిలించి ఉమ్మింది తప్ప మింగలే. ఇన్ని నీళ్లు ఇచ్చే ఊరు, ఆ నీళ్లు తాగినోళ్లు తర్వాత యాడికి పోవాల్నో ఆలోచించకపోవుడేంది? పెండ్లికి పిలిచి పీట వేసి విస్తరి వెయ్యనట్టుంది ఇది.

మధ్యాహ్నం రెండు గొట్టినంక అత్తమ్మ నా కొంగు పట్టి గుంజింది. షుగర్ మనిషి, ఎంతని ఆపుకుంటది? నేను ఆమెను పట్టుకుని జనంలోంచి బయటికి వచ్చి ఎతకబట్టిన. ఒక దగ్గర పైసలిచ్చి పోయేది ఉంటే దానికి తాళం ఉంది. ఇంకో దగ్గర తెరిచే ఉంది గానీ మగోళ్లు బయట దాకా నిలబడ్డరు, లోపల నీళ్లు అయిపోయినయి, గడప మీద కాలు పెట్టరాకుంట ఉంది, అత్తమ్మ చూసి వెనక్కి తిరిగింది. ఒక హోటల్‌లో అడిగితే కస్టమర్లకే అన్నరు, అయితే చాయ్ తాగుతం అంటే ఇవ్వాళ బాత్రూం బంద్ అన్నరు. మెట్రో స్టేషన్‌లో ఉంటది, తెలుసు నాకు, కానీ అక్కడి దాకా ఆ రద్దీలో మోకాళ్ల నొప్పుల మనిషిని నడిపించాల్నంటే అరగంట. సగం దూరంలో అత్తమ్మ ఆగిపోయింది, నాతోని కాదు బిడ్డా అన్నది, ఆమె ముఖం చూస్తే నాకు కండ్ల నీళ్లు తిరిగినయి, పొద్దున గణపతిని చూసి ఏడ్చిన మనిషేనా ఈమె అనిపిచ్చింది.

అప్పుడు ఒక గల్లీలో పాత ఇంటి గడప మీద కూర్చున్న పెద్దామె, తెల్ల చీర, చేతిలో ఇసనకర్ర, మమ్ములను చూసి ఏం అడగకుండనే లేచి తలుపు తీసింది. లోపలికి పొమ్మని చెయ్యి చూపించింది. వెనక వాకిట్లో చిన్న బాత్రూం, శుభ్రంగ ఉంది, ప్లాస్టిక్ బకెట్, మగ్గు, సబ్బు ముక్క. మేం బయటికి వచ్చేటప్పటికే గుమ్మం దగ్గర ఇంకో పది మంది ఆడోళ్లు లైన్ కట్టిండ్రు, ఒకామె సంకలో చంటిది, ఇద్దరు కాలేజీ పిల్లలు, వాళ్లలో ఒకామె బ్యాగులోంచి కాగితంలో చుట్టింది తీసి చేతిలో దాచుకుంట నిలబడ్డది, పీరియడ్ పిల్ల అని అర్థమైంది నాకు. నేను ఆ పెద్దామెకు కృతజ్ఞతలు చెప్పి, నీళ్లు ఏమన్న మోసిపెట్టాల్నా అమ్మా అంటే, ట్యాంకు సగం అయిపోయింది బిడ్డా, ప్రతి ఏడు ఇంతే, తలుపు తీస్తే ఆగదు, తియ్యకుంటే మనసు ఒప్పదు అన్నది. నేను, నా బిడ్డ కలిసి గల్లీ నల్లా దగ్గర నాలుగు బకెట్లు పట్టి పోసినం. ఆమె రుణం మేం తీర్చుకోలేం. కానీ లక్షల మంది వచ్చే పండుగకు ఒక ముసలామె వాకిలి దిక్కా?

తిరిగి వస్తుంటే బందోబస్తులో ఉన్న ఒక లేడీ కానిస్టేబుల్ తాడు పట్టుకుని నిలబడి ఉంది, మా పిల్లదానికంటే ఏడెనిమిదేండ్లు పెద్దది ఉంటది అంతే. ఎప్పుడొచ్చినవ్ అమ్మా డ్యూటీకి అంటే తెల్లారగట్లనే అక్కా, రేపటి దాకా ఇక్కడనే అన్నది. మరి బాత్రూం అంటే, తల అడ్డంగ ఊపి, నీళ్లు తక్కువ తాగుతం అక్కా అన్నది. రాత్రికి ఊడ్వనీకి వచ్చే పారిశుద్ధ్యపు అక్కలదీ అదే సంగతి, ఆ రోడ్ల మీద కాగితాలు, పూలు, ప్లాస్టిక్ గ్లాసులు టన్నులకొద్దీ ఎత్తేది వాళ్లే, తెల్లారేసరికి పట్నం అద్దంగ మెరవాలె, వాళ్లకు మాత్రం ఒక్క దిక్కు తలుపు తెరిచి ఉండదు.

మా అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు, కిశోర బాలికలకు ప్రతి నెలా చెప్తుంటం, నీళ్లు బాగ తాగండి, మూత్రం ఆపుకోకండి, ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తది, మంట వస్తది, జ్వరం వస్తది, గర్భిణికి ఇన్ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఉంటది అని. షుగర్ ఉన్నోళ్లకు మాటిమాటికి పాసుకు వస్తది, అది వాళ్ల చేతిలో లేదు. నీళ్లు తాగకుండ ఎండలో, ఉక్కలో, జనంలో గంటలు గంటలు నిలబడితే కండ్లు తిరిగి పడిపోతరు, మా పక్కనే ఒకామె పడిపోయింది, ముఖం మీద నీళ్లు చల్లి లేపినం, పొద్దున్నుంచి ఏం తాగలేదంట. ఆమె చేతిలో రెండు నీళ్ల ప్యాకెట్లు ఉన్నయి, చింపలేదు. పీరియడ్‌లో ఉన్న ఆడపిల్ల ఒక్క ప్యాడ్‌తో పన్నెండు గంటలు ఉండాల్నా? వీటిని చిన్న ఇబ్బందులని కొట్టిపారేసేటోళ్లు ఒక్క రోజు మా ఆడోళ్లతోని నిలబడి చూడాలె.

న్యాయం మాట్లాడాల్నంటే ఏర్పాట్లు అసలే లేవని నేను అంటలేను. ట్యాంక్‌బండ్, ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు దిక్కు మొబైల్ టాయిలెట్లు పెడుతున్నరు, అంబులెన్సులు ఉంటయి, ఆడోళ్ల భద్రత చూసే షీ టీమ్స్ పోలీసులు మఫ్టీలో తిరుగుతుంటరు, మెట్రో అర్ధరాత్రి దాటే దాకా నడుపుతరు. మర్నాడు చంద్రగ్రహణం ఉందని ఈసారి తొందరగ పూర్తి చెయ్యాల్నని అందరూ కష్టపడ్డరు, అది కండ్ల ముందు కనబడ్డది. కానీ ఏర్పాట్లన్నీ విగ్రహం నీళ్లలో మునిగే కాడ ఉన్నయి. బాలాపూర్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా దాదాపు ఇరవై కిలోమీటర్ల రోడ్డు, దాని పొడుగునా జనమే, ఆ నడుమ నిలబడ్డోళ్ల గురించి ఎవరు ఆలోచించాలె? మా దిక్కు చెర్వుగట్టు జాతరలో, దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరలో కూడా ఆడోళ్ల కష్టం నేను చూసిన, అక్కడ గుట్టలు, చెట్ల చాటు అన్నా ఉంటది, చీకటి పడేదాకా ఆగి అటు పోతరు, అది మంచిదని కాదు, కానీ ఎంజే మార్కెట్‌లో ఆ చాటు కూడా లేదు. మేడారంలో అడవి నడుమ జాతర కోసమని వేల మరుగుదొడ్లు తాత్కాలికంగ కడుతున్నరు గదా, అడవిలో చేతనైంది రాజధాని నడిబొడ్డున ఎందుకు చేతకాదు?

నాకు తోచింది చెప్తున్న. కొత్తగ కట్టక్కర లేదు. శోభాయాత్ర పోయే తోవ చూడండి, నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్ ఉంది, పబ్లిక్ గార్డెన్ ఉంది, కోఠిలో మహిళా యూనివర్సిటీ ఉంది, బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ, ఎల్బీ స్టేడియం ఉన్నయి, పొడుగునా సర్కారు బడులు, ఆఫీసులు ఉన్నయి. వాటన్నిటిలో బాత్రూములు ఉన్నయి, నల్లా కనెక్షన్ ఉంది. ఆ రోజు సెలవు కాబట్టి అన్నిటికీ తాళాలే. జనం బయటికి రావాల్నని సెలవు ఇస్తరు, ఆ సెలవు వల్లనే ఉన్న బాత్రూములు మూతపడుతయి. రోడ్డు మీదికి ఉన్న బడులు, ఆఫీసుల్లో కింది అంతస్తు బాత్రూములు ఆ ఒక్క రోజు ఆడోళ్లకు, పిల్లలకు, వికలాంగులకు తెరవాలె. ఒక్కో దాని దగ్గర ఇద్దరు మహిళా సంఘం సభ్యులను పెట్టి వాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలె, కడగనీకి ఇద్దరు, ఒక నీళ్ల ట్యాంకర్, ప్యాడ్లు పడేసేదానికి మూత ఉన్న డబ్బా, లోపల గడియ పడే తలుపు, లైటు. గడియ, లైటు అని ఎందుకు ప్రత్యేకంగ రాస్తున్నానంటే అవి లేక చీకట్లో బయట ఒకరం కావలి ఉండి లోపలికి ఒకరం పోయిన రోజులు మాకు చానా ఉన్నయి. ఇంకోటి, ఎక్కడున్నదో తెలియాలె. పెద్ద తెల్ల గుడ్డ మీద ఆడబొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, కరెంటు స్తంభానికి ఎత్తున కట్టండి, చదువు రాని మా అత్తమ్మలకు కూడా అర్థమైతది. మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతరు గదా, అందులోనే గంటకోసారి ఫలానా బడిలో మహిళలకు బాత్రూం ఉంది అని చెప్తే ఏం పోతది? మండపాలోళ్లు, ఉత్సవ కమిటీలోళ్లు అన్నదానానికి పెట్టే ఖర్చులో కొంచెం దీనికి మళ్లిస్తే అది కూడా పుణ్యమే, నేను మనస్ఫూర్తిగ అంటున్న, పులిహోర పొట్లం కన్నా ఆ రోజు ఆడమనిషికి అదే ఎక్కువ.

2025 జనవరి 15న సుప్రీంకోర్టు కోర్టుల్లో అందరికీ బాత్రూములు ఉండాలని చెప్పుకుంట, ఇది రాజ్యాంగం 21వ ఆర్టికల్ కింద జీవించే హక్కులో భాగం అని తీర్పు ఇచ్చింది. పేపర్లోనే చదివిన. కోర్టుకు పోయిన మనిషికి ఉన్న హక్కు పండుగకు పోయిన మనిషికి ఎందుకు ఉండదు?

తిరుగు ప్రయాణం గురించి కూడా రెండు మాటలు. రాత్రి ఎల్బీనగర్‌లో నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు పోయే జనం రోడ్డు మీద నిలబడి ఉన్నరు, ఏ బస్సు ఎక్కడ ఆగుతదో చెప్పే మనిషి లేడు, వచ్చిన బస్సుకు ఉరుకుడు, చంటోళ్ల తల్లులు, ముసలోళ్లు వెనకపడుడు. ఆ రాత్రికి జిల్లాల బస్సులు ఒక్క చోట వరుసగ పెట్టి, బోర్డు కట్టి, టైమ్ ముందే చెప్తే సాలు.

ఇది వినాయక చవితి ఒక్కదానికే కాదు. పాతబస్తీ బోనాలప్పుడు ఏనుగు మీద ఘటం ఊరేగుతది, మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్‌కు బీబీకా ఆలం (పీరు) ఊరేగింపు పోతది, శ్రీరామనవమికి సీతారాంబాగ్ నుంచి శోభాయాత్ర ఉంటది, అన్నిట్ల ఆడోళ్లు ఉంటరు, హిందువులైనా ముస్లింలైనా కష్టం ఒకటే. ఇంకో వారం పది రోజులల్ల బతుకమ్మ మొదలైతది, సద్దుల నాడు ట్యాంక్‌బండ్‌కు వచ్చేదే ఆడోళ్లు. చవితికి ఎట్లాగూ ఏడాది టైమ్ ఉంది, బతుకమ్మకు లేదు, అందుకని ముందు దానితోనే మొదలుపెట్టాలని కోరుతున్న. అధికారుల మీటింగుల్లో ఎన్ని క్రేన్లు, ఎన్ని బారికేడ్లు అని లెక్కలేసేటప్పుడు ఆడోళ్లకు బాత్రూములు ఎన్ని, ఎన్ని అడుగులకు ఒకటి, అన్నది కూడా ఆ కాగితం మీద ఒక లైను ఉండాలె, ఆ మీటింగులో ఒక మహిళా కానిస్టేబుల్‌ను, ఒక పారిశుద్ధ్య కార్మికురాలిని కూర్చోబెట్టి అడగండి, ఎక్కడ కావాల్నో వాళ్లే చూపిస్తరు.

చివరగ మీకు ఒక విన్నపం. నిమజ్జనానికి ముందు రోజు మీరు ట్రాఫిక్ మళ్లింపుల మ్యాప్ వేస్తరు, కార్లున్నోళ్లకు అది పనికొస్తది. అదే మ్యాప్‌లో బాత్రూములు ఎక్కడున్నయి, నీళ్లు ఎక్కడ, మెట్రో ఏ స్టేషన్లో దిగాలె, జిల్లాల బస్సులు రాత్రి ఎక్కడి నుంచి పోతయి అని కూడా గుర్తులు పెట్టి వెయ్యండి, అది సిటీ ఎడిషన్‌లో మాత్రమే కాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, యాదాద్రి జిల్లా పేజీల్లో కూడా వెయ్యండి, బయలుదేరేటోళ్లం అక్కడనే చదువుతం. బతుకమ్మకు ముందు ట్యాంక్‌బండ్ దిక్కు మీ రిపోర్టర్‌ను, వీలైతే మహిళా రిపోర్టర్‌ను, ఒక్కసారి పంపి ఎన్ని తెరిచి ఉన్నయి, ఎన్నిటికి తాళాలున్నయి, ఎన్నిట్ల నీళ్లు వస్తున్నయి చూసి రాయించండి. మా అత్తమ్మ సద్దుల బతుకమ్మకు కూడా పోదాం అంటుంది, మీరు వేసేదాన్ని బట్టి ఆమెకు జవాబు చెప్త.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
నార్కట్‌పల్లి మండలం, నల్లగొండ జిల్లా.